మునక్కాయ చప్పుడు

సెకండ్ షో వదిలేసరికి ఒంటిగంట కావస్తోంది.
వడపళనిలో మెట్రో గోతుల పక్కన
ఒక్క టీకొట్టే సగం షట్టర్ దించుకుని మెలకువగా ఉంది.
మేం నలుగురం. మూడు గ్లాసులే కడిగున్నాయన్నాడు మాస్టరు.
నేనూ ఇలియాసూ ఒకే గ్లాసుని వంతులేసుకున్నాం.

ఇంటర్వెల్‌కి ముందే ఏడుగురు లేచిపోయారు.
నేను లెక్కపెట్టాను,
తెర వైపు చూడకుండా ఉండడానికి
నాకింకో పని కావాల్సొచ్చింది మరి.
ఒకాయన నోటికి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని
వంగి వంగి బయటికి నడిచాడు,
రెండో చేత్తో పాప్‌కార్న్ డబ్బా మాత్రం వదల్లేదు.

"చూసేవాణ్ణి కొట్టాలిరా సినిమా," అంటాడు ఇలియాస్,
సబ్‌టైటిల్స్ రాసి బతికేవాడు,
కేకలకి కూడా అక్షరాలు వెతికేవాడు.
"జోకొట్టేవి చాలానే ఉన్నాయి."
"కొట్టనీ. కొట్టి నా దగ్గరే నూట తొంభై తీసుకోవడం ఏం న్యాయం?"
"జోకొట్టినా తీసుకుంటారుగా!"
దానికి నా దగ్గర జవాబు లేదు.
టీ ఊదుకున్నాను. గ్లాసు వాడి వంతు.

కోదండపాణి బిస్కెట్ ముంచుకు తింటున్నాడు.
సాలిగ్రామంలో కిటికీల్లేని గదిలో
పంతొమ్మిదేళ్లుగా ఎవరెవరి అడుగులో తను నడిచేవాడు,
హీరోయిన్ గాజులు మోగేది కూడా వాడి మణికట్టు మీదే.
"ఆ చెయ్యి విరిచే సీనుంది చూడు, అది నేనే," అన్నాడు
తప్పు ఒప్పుకుంటున్నట్టు.
"పదహారు మునక్కాయలు, ఒక తడి తువ్వాలు.
లేతవి డైరెక్టరుకి నచ్చలేదు.
ముదురు కాయే ఎముకలా పలికిందన్నాడు.
మిగిలినవి మా ఆవిడ సాంబారులో వేసింది."

ఎలా నవ్వామంటే
అవతల ఇసక గుట్ట మీద పడుకున్న కుక్క లేచి
మమ్మల్ని తిట్టి మళ్లీ పడుకుంది.
ఆ ఊపులోనే కావలి టూరింగ్ టాకీసు సంగతెత్తాడు:
దయ్యం సినిమా ఒంటరిగా చూస్తే వెయ్యి రూపాయలన్నారట,
వాళ్ల మేనమామ కూచున్నాడట,
రెండో రీలుకే గురక.
నిద్రపోతే చూసినట్టు కాదని డబ్బివ్వలేదట.
ఆ వెయ్యి కోసం ఆయన చచ్చేదాకా పోట్లాడాడట.

బీట్ కానిస్టేబుల్ బండి ఆపాడు.
కొట్టు మూయమన్నాడు, మమ్మల్ని కదలమన్నాడు,
"ఎన్న పడం?" అన్నాడు.
పేరు చెప్పగానే లాఠీ చంకలో ఇరికించి
రెండు చెవులూ మూసుకున్నాడు:
క్లైమాక్స్ మాత్రం చెప్పొద్దట,
ఆదివారం ఇంటిల్లిపాదికీ టికెట్లు తీశాడట.

వకుళ ఇంతసేపూ ఏం మాట్లాడలేదు.
కీళ్పాక్కం ఆస్పత్రి ఎమర్జెన్సీలో రాత్రి నర్సు.
ఆ సీనప్పుడు నా చొక్కా చెయ్యి పట్టుకుని
కళ్లు గట్టిగా మూసేసుకుంది.
గుండీ ఊడి ఏ సీటు కిందికి దొర్లిందో.
"నువ్వు కూడానా! రోజూ చూసేదానివి!"
ఇలియాస్ ఆటపట్టించాడు.
గ్లాసు అడుగున కరగని చక్కెర వేలితో తీసుకుంటూ
"అక్కడ నా చేతులకి పనుంటుంది," అంది.
"ఇక్కడ ఒళ్లో ఊరికే పడుంటాయి."

ఎవరం ఏమీ అన్లేదు.
ఇలియాస్ తన వంతు కూడా నాకే వదిలేశాడు.
మాస్టరు పాలగిన్నె బోర్లించాడు.

కిటుకు తెలిస్తే భయం పోతుందంటారు.
పొద్దున పదింటికి, నిద్ర చాలని కళ్లతో
పేపరు తిరగేస్తున్నాను.
వంటింట్లో అక్క
ముదురు కాయ ఒకటి తీసి
ఫట్‌మని విరిచింది.
నా మోచెయ్యి దానంతటదే డొక్కలోకి ముడుచుకుపోయింది.
కోదండపాణి తువ్వాలు గుర్తుంది, సాంబారు గుర్తుంది,
అయినా ముడుచుకుంది.

"పులుసులోకా, పప్పులోకా?" అడుగుతోంది అక్క,
రెండోది రెండు చేతుల్తో పట్టుకుని.
పేపరు కింద పెట్టి లేచాను.
"ఇలా తే. నేను విరుస్తాను."